నూనె మానిన నేను, అన్నం మానిన ఆమె

నా యారాలంటే నాకు ఇష్టం లేదు. ముందే ఈ మాట చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది సులువవుతుంది. ఆమె మా మరిది భార్య. తోడికోడలిని మా వైపు యారాలంటారు. పద్దెనిమిదేళ్లు ఆళ్లగడ్డలో ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో బతికాం. కింద అంగడి, పైన మా రెండు సంసారాలు, మా అత్త. అంగట్లో అన్నదమ్ములిద్దరూ బియ్యం, పప్పులు, నూనెలు అమ్ముతారు. మా ఇద్దరి మధ్యా పుట్టిన గొడవ కూడా చివరికి ఆ బియ్యం గురించీ, ఆ నూనె గురించే అయింది.

ఆమెది నంద్యాల. పెళ్లయి వచ్చిన కొత్తలో సన్నగా, రివటలా ఉండేది. మొదటి ఏడాదే బంధువుల పెళ్లికి ఆటోలో పోతున్నాం. నేను ఎక్కి కూర్చోగానే, అక్క ఎక్కితే ఇంకొకరికి చోటెక్కడిదని నవ్వుతూ అంది. అందరూ నవ్వారు. ముందు సీట్లో ఉన్న మా ఆయన కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. ఆమెకు ఆ మాట ఆ సాయంత్రానికే గుర్తుండి ఉండదు. నేను మాత్రం దాన్ని ఇన్నేళ్లూ పెట్టుకుని ఉన్నాను. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆమె కూడా నా అంత అయింది, ఇంకా కొంచెం ఎక్కువే అయింది. అప్పుడు నాకు సంతోషం కలిగింది. పాత రవికెలు పట్టక ఆమె దర్జీ దగ్గరికి పోతుంటే మెట్ల మీద నిలబడి చూసేదాన్ని.

రెండేళ్ల కిందట నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఆమెకు పది మెట్లెక్కితే ఆయాసం. వేరువేరుగా పోతే రెండు రోజుల వంట ఆగిపోతుందని మా అత్త ఇద్దరినీ ఒకే రోజు నంద్యాల పంపింది. అక్కడొక డాక్టరమ్మ ఉంది. ఎక్కువ మాట్లాడదు. మమ్మల్ని బరువు తూచింది, రక్తం పరీక్ష చేయించింది. చక్కెర జబ్బు ఇద్దరికీ ఇంకా రాలేదు గానీ వాకిట్లో నిలబడి ఉందని చెప్పింది. నేను ఎనిమిది కిలోలు, ఆమె తొమ్మిది కిలోలు తగ్గాలి. తినేది తగ్గించండి, పొద్దున నడవండి అని చెరొక కాగితం ఇచ్చి పంపేసింది.

ఏది తగ్గించాలో కాగితంలో ఉంది. అన్నీ కొంచెం కొంచెం తగ్గించమని ఉంది. అది మా ఇద్దరికీ నచ్చలేదు. ఏదో ఒకటి దోషి అయితే దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టవచ్చు. అన్నీ దోషులే అంటే మనమే దోషులమని అర్థం.

తిరుగు బస్సులోనే మొదలైంది. కొవ్వు తింటే కొవ్వు పట్టదని, అన్నం, చపాతీ, చక్కెర వల్లే ఒళ్లు వస్తుందని ఆమె ఫోనులో వీడియోలు చూసిందట. నెయ్యి, కొబ్బరినూనె ఎంతైనా తినొచ్చట. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ, అమ్మమ్మ ముద్దలు ముద్దలు సంగటి తిని పుల్లల్లా ఉన్నారని, నూనె డబ్బాలు ఇళ్లల్లోకి వచ్చాకే ఆడవాళ్లు ఇట్లా అయ్యారని చెప్పాను. వాళ్లు పొద్దుగూకులూ చేలో పని చేశారు, మనం చేస్తున్నామా అంది ఆమె. అది నిజమే. నిజం కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

"పొద్దున ఉగ్గాని, మధ్యాన్నం అన్నం, రాత్రికీ అన్నమే తింటాండావ్. ఇంక కాళ్లు నొయ్యవా అక్కా?" అంది.

"నువ్వు నెయ్యి తాగుతానంటాండావ్ గదా, ఆ నెయ్యి యాడికి పోతాది? నీ ఒంట్లోకి కాక నంద్యాల కాలవలోకి పోతాదా?" అన్నాను.

ముందు సీటులో ఉన్న ముసలాయన మా వైపు తిరిగి చూశాడు. శిరివెళ్ల దాటేసరికి ఇద్దరం చెరొక కిటికీ వైపు ముఖం పెట్టుకున్నాం. మధ్యలో ఎవరో సంచి పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాటి నుంచి ఒకే వంటగదిలో రెండు మతాలు. నేను వేపుళ్లు మానేశాను. తాళింపుకు చిన్న చెంచాతో కొలిచి నూనె వేశాను. అప్పడాలు నిప్పుల మీద కాల్చాను. మగవాళ్లు గొణిగారు, గొణగనిచ్చాను. నూనె లేని కూర నోటికి పట్టదు, కాబట్టి పప్పులోనూ చారులోనూ అన్నం ఎక్కువ కలుపుకునేదాన్ని. మూడు గంటలకల్లా మళ్లీ ఆకలి. బొరుగులు తినేదాన్ని, అందులో నూనె లేదు కదా. అరటిపండ్లు రెండు, వాటిలోనూ లేదు. రాత్రి మజ్జిగన్నం. పళ్లెంలో గుట్ట పెరుగుతోందని నాకు కనబడుతూనే ఉంది. నూనె లేనిది ఎంత తిన్నా లెక్కలోకి రాదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె అన్నం పూర్తిగా మానేసింది. కాఫీలో కొబ్బరినూనె వేసుకుని తాగింది. పనీరు నేతిలో ముంచి తినేది. పాల మీద మీగడ మొత్తం తీసి దాచుకునేది, మా పిల్లలకు నీళ్లలాంటి పెరుగు మిగిలేది. వేయించిన వేరుశనగలు, మా వైపు వాటినే బుడ్డలంటారు, ఎండుకొబ్బరి కలిపి మిక్సీలో పిండి కొట్టి ఒక డబ్బాలో పోసుకుని, దానితో రొట్టెలు చేసుకునేది. ఆ రొట్టెలు పెనం మీద ముక్కలు ముక్కలయ్యేవి. అట్లకాడతో ఏరుకుని గిన్నెలో వేసుకుని తినేది. అప్పుడు నాకు నవ్వొచ్చేది.

కానీ మొదటి నెలలోనే ఆమె అయిదు కిలోలు తగ్గింది.

అంగట్లో మూటలు తూచే కాటా ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ షట్టరు సగం దించాక దాని మీద నిలబడి చూసుకునేవాళ్లం. ఆమె అంకె గట్టిగా చదివేది. పై మెట్టు మీద కూర్చున్న మా అత్తకు వినబడేంత గట్టిగా. నేను కిలో తగ్గి, పదిహేను రోజుల్లో మళ్లీ ఆ కిలో ఎక్కాను. ఆమె దిగి నన్ను ఎక్కమనేది. నేను పనుందని పైకి పోయేదాన్ని.

తగ్గినందుకు కాదు నా కోపం. తగ్గాక ఆమె మాట మారినందుకు. సరుకులకు వచ్చిన ఆడవాళ్లకు అంగడి గడప దగ్గర నిలబడి పాఠాలు చెప్పింది. బియ్యం అమ్మే ఇంటి కోడలు బియ్యం తినొద్దని చెబుతుంటే మా ఆయన తల దించుకుని లెక్కలు రాసుకున్నాడు, కానీ రాత్రి భోజనం దగ్గర నాతో, ఆమెను చూసి నేర్చుకోరాదా అన్నాడు. నా పళ్లెంలో అన్నం చూస్తూ అన్నాడు. మా ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యానికి పోయినప్పుడు పంక్తిలో అందరూ వింటుండగా ఆమె, అక్కకు చెప్తే వినదు, అన్నం మీద ఆశ అంది. ఆశ అన్న మాట దగ్గర నేను చేతిలోని ముద్దను ఆకులో పెట్టేశాను. మా అత్త ఆ మాటను ఇంటికొచ్చాక నాలుగుసార్లు తలుచుకుంది. ఆమెకు మా ఇద్దరి మధ్యా మాటలు మోయడం కంటే ఇష్టమైన పని లేదు. ఇటు నుంచి అటు పోయేటప్పుడు మాటకు ఒక మాట కలిపేది.

ఆ వారమే నేను ఆమె పిండిలో మైదా కలిపాను.

కోపంలో చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు, కానీ అది అబద్ధం. స్నానానికి పోయిందని చూసుకున్నాను. ఆమె డబ్బా మూత తీశాను. రెండు పిడికెళ్లు మైదా వేసి గరిటెతో కిందికీ మీదికీ తిప్పాను. రంగు మారిందేమోనని వెలుతురులో పెట్టి చూశాను. మారలేదు. గరిటె కడిగి బోర్లించాను.  ఆ రోజంతా పాటలు పాడుకుంటూ పని చేసుకున్నాను కూడా.

మర్నాడు ఆమె రొట్టె విరగలేదు. ఆమె రొట్టెను పెనం మీద నుంచి ఎత్తి రెండు చేతులతో పట్టుకుని చూసింది. అంచు పట్టుకుని ఊపింది. తన చేతికి వాటం కుదిరిందనుకుంది. నీళ్లు వేడివి పోసి కలిపితే అతుకుతోందని నంద్యాలలోని వాళ్ల అక్కకు ఫోనులో చెప్పింది. నేను పక్కనే చింతకాయ దంచుతూ విన్నాను.

డబ్బా ఖాళీ అయి కొత్త పిండి కొట్టిన ప్రతిసారీ కలిపాను. రెండు పిడికెళ్లు నాలుగయ్యాయి. చివరికి మూడింట ఒక వంతు మైదానే. ఆమె రోజుకు ఆరు రొట్టెలు తినేది, పైన నెయ్యి వేసుకుని. రెండో నెల కాటా కదల్లేదు. బరువు ఆగిపోతే కొవ్వు ఇంకా పెంచాలని వీడియోలో చెప్పారట. పెంచింది. మూడో నెల రెండు కిలోలు ఎక్కింది. అంకె గట్టిగా చదవడం మానేసింది. కాటా దిగి చెప్పులేసుకుని పైకి పోయింది.

"నెయ్యి తింటే అంతే మ్మే. నేను ముందే చెప్తే వింటివా?" అన్నాను.

నేను చేసిన పనినే నా వాదానికి సాక్ష్యంగా చూపించాను. అంగడికి వచ్చిన ఆడవాళ్లకు ఇప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. కొవ్వు తిన్నామె ఎట్లా ఎక్కిందో చూడండి అని.

నాలుగో నెలలో మళ్లీ ఇద్దరం నంద్యాల పోయాం. డాక్టరమ్మ మొదట యారాలి కాగితాలు చూసింది. చక్కెర హద్దు దాటింది. ఏం తింటున్నారని అడిగింది. ఆమె చెప్పింది. అన్నం లేదు, గోధుమ లేదు, చక్కెర లేదు, బుడ్డల పిండి, కొబ్బరి, పనీరు, నెయ్యి. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నం, గోధుమ పూర్తిగా మానేస్తే ఈ అంకె రాదమ్మా. దాచి తింటున్నారు."

"లేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు. ఒక్క మెతుకు ముట్టలేదు."

"అందరూ ఒట్లే వేస్తారు."

నేను పక్క స్టూలు మీదే ఉన్నాను. ఆమె నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు చూస్తానే ఉండావ్ గదా, నువ్వన్నా చెప్పు" అంది. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి సాయం అదేనేమో. నాకు తెలీదు, నా పనిలో నేనుంటాను అన్నాను. డాక్టరమ్మ తల ఊపి ఆమెకు మాత్రలు రాసింది. నా వంతు వచ్చింది. నేను కిలోన్నర పెరిగాను. నూనె పూర్తిగా మానేశానని చెప్పాను. అన్నం ఎంత తింటున్నారంటే, మామూలుగానే అన్నాను.

ఇంటికి రాగానే మా అత్త మాత్రల డబ్బా చూసింది, ఎందుకని అడిగింది. దాచి తింటోందని డాక్టరమ్మ అన్న మాట నేనే చెప్పాను. ఆ సాయంత్రం మా మరిది ఆమె అల్మారా అంతా తిరగేశాడు. చీరల కింద బిస్కెట్ల పొట్లం ఒకటి దొరికింది. పిల్లలు అందినకాడికి తినేస్తున్నారని ఆమె అక్కడ పెట్టింది. అది నాకూ తెలుసు. ఆయన నమ్మలేదు. నోటి మీద అదుపు లేనిదానికి ఈ వేషాలెందుకన్నాడు. ఆమె చీరలన్నీ మళ్లీ ఒక్కొక్కటే మడత పెట్టుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత రాత్రి భోజనానికి రావడం మానేసింది. ఉన్న ఆ ఆరు రొట్టెలూ పగలే తినేది, వేరే ఏదీ ముట్టేది కాదు. తనకే తెలియకుండా ఏమైనా తింటున్నానేమోనని తింటున్న ప్రతిదీ ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ బుక్కు వంటగది గూట్లోనే ఉండేది. తీసి చదివాను. రొట్టెలు ఆరు, రొట్టెలు ఆరు, రొట్టెలు అయిదు అని ఉంది.

అది చదివాక కూడా పదకొండు రోజులు మైదా కలిపాను. ఆపితే బరువు తగ్గుతుంది, తగ్గితే కారణం వెతుకుతారు, ఇదీ నాకు నేను చెప్పుకున్న సాకు. ఆపాలని అనిపించలేదు, అసలు సంగతి అది.

పన్నెండో రోజు ఆమె పుట్టింటికి పోయింది. వాళ్ల అన్న కొత్త ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం. వారం ఉండి వచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నం నేను వంటగదిలో ఒక్కదాన్నే కందిపప్పు ఏరుతున్నాను. సంచి కూడా కింద పెట్టకుండా వచ్చింది. స్టీలు డబ్బా తెరిచి నా ముందు గట్టు మీద పెట్టింది. అందులో పుట్టింట్లో చేసుకున్న రొట్టెలు, అన్నీ ముక్కలు. తర్వాత మా గూట్లోని తన పిండి డబ్బా తీసి, గిన్నెలో ఇంత పిండి వేసి నీళ్లు పోసి కలిపింది. స్టవ్ వెలిగించింది. ఒక్క రొట్టె కాల్చి, మడిచి, ఆ ముక్కల పక్కన పెట్టింది. మడత దగ్గర చీలిక కూడా రాలేదు. ఆ సేపంతా నేను పప్పు ఏరుతూనే ఉన్నాను. రాళ్లు లేని చోట కూడా ఏరాను.

"అవే బుడ్డలు, అదే కొబ్బరి, ఇదే చెయ్యి. ఆడ అతకదు, ఈడ అతుకుతాది. ఏంది కలుపుతాండావ్ అక్కా?"

"మైదా" అన్నాను.

"ఎప్పటి నుంచి?"

"ఆడబిడ్డ ఇంట్లో పంక్తిలో అన్నావు చూడు, ఆశని. ఆ వారం నుంచి."

ఆమెకు ఆ మాట గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించడం ఆమె ముఖంలో కనబడింది, గుర్తు రాలేదు. నన్ను తిడుతుందనుకున్నాను, జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. దానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె స్టవ్ ఆర్పి, మెట్ల దగ్గరికి పోయి మగవాళ్లిద్దరినీ పైకి పిలిచింది. మా అత్తను కూడా పిలిచింది. అందరి ముందూ జరిగింది చెప్పింది. గొంతు పెంచలేదు. వాళ్లు నా వైపు చూశారు. నేను అవునన్నాను.

తర్వాత జరిగిందే ఆమెను ఎక్కువ విరిచిందని నా నమ్మకం. మా అత్త, "మైదానే గదా మే, ఇసం కాదు గదా" అంది. ఇన్నాళ్లూ మా ఇద్దరినీ ఎగదోసిన మనిషి, తగలబడగానే బూడిద ఊడ్చడానికి వచ్చింది. మా ఆయన, ఆడవాళ్ల గొడవల్లోకి మమ్మల్నెందుకు లాగుతారని, కింద అంగట్లో ఎవరూ లేరని దిగిపోయాడు. అల్మారా తిరగేసిన మా మరిది ఆ సంగతి ఎత్తనే లేదు. సరేలే, ఇప్పటికైనా తెలిసింది, జరిగిందేదో జరిగిందన్నాడు. ఆమె ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి, చివరికి నా దగ్గర ఆగింది.

"నీకన్నా కారణముండాది. వీళ్లకేముండాది?" అంది.

నెల తిరక్కుండా వెనక వసారాలో గోడ లేపించి తన వంటగది తను పెట్టుకుంది. వంటగది తలుపుకు తాళం. అప్పటి నుంచి, ఒక్కసారి తప్ప, నాతో మాట లేదు. నేను పిలిస్తే వినబడనట్టు పోతుంది.

నేను ఒక్కదాన్నే నంద్యాల పోయి డాక్టరమ్మకు చెప్పాను. పుణ్యానికి పోలేదు. దాచి తింటోందన్న మాట ఆమె కాగితాల మీద ఉండిపోయిందేమోనన్న ఆలోచన నన్ను వదల్లేదు, దాన్ని వదిలించుకోవడానికి పోయాను. డాక్టరమ్మ చివరిదాకా వింది. జబ్బు వాకిట్లో ఉన్న మనిషికి తెలియకుండా పిండి తినిపించడం అంటే ఏమిటో తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. తెలిసే చేశారా అంది. అవునన్నాను.

లేచి రావాల్సింది. కానీ ఇంత దాకా వచ్చాక ఆ ప్రశ్న అడగకుండా రాలేకపోయాను. అసలు ఒళ్లు దేనివల్ల ఎక్కువ వస్తుంది, అన్నం ఎక్కువైతేనా, నూనె ఎక్కువైతేనా అని అడిగాను.

ఆమెకు చిరాకేసింది. అయినా చెప్పింది. ఒంటికి కావలసిన దానికంటే ఎక్కువ తిన్న నూనె దాదాపు నేరుగా కొవ్వుగా నిలవుంటుంది, దానికి పెద్ద శ్రమ లేదు. ఎక్కువ తిన్న అన్నాన్ని ఒళ్లు ముందు ఖర్చు పెట్టుకోవాలని చూస్తుంది, కొంత కండల్లో, కాలేయంలో దాచుకుంటుంది. కానీ అన్నం ఖర్చవుతున్నంత సేపూ కొవ్వు కరగడం ఆగిపోతుంది, కాబట్టి తిన్న నూనె అంతా అట్లాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకు చూస్తే, అదనం ఒకే అంత అయినప్పుడు రెండింటి వల్ల పెరిగే బరువుకూ పెద్ద తేడా ఉండదు. చెంచాడు నూనెలోనే చాలా శక్తి ఉంటుంది, అందుకే తెలియకుండా అదనమవుతుంది. అన్నం కడుపు నింపుతుంది గానీ తొందరగానే అరిగి మళ్లీ ఆకలేస్తుంది, అందుకని అదీ అదనమవుతుంది.

"మొదటి నెల ఆమె తగ్గిన అయిదు కిలోల్లో సగం పైన నీళ్లే. తర్వాత నెయ్యి మీద మీ మైదా పడింది. ఒళ్లు మైదాను కాల్చింది, నెయ్యిని దాచింది. మీరు నూనె మానేసి అన్నం గుట్టలు తిన్నారు. మామూలుగానే అని నాతో చెప్పారు. దాచి తిన్నది ఎవరు?"

 డాక్టరమ్మ నా యారాలి కాగితం తీయించి ఏదో కొట్టేసి, ఏదో రాసింది. ఈసారి ఆమె వచ్చినప్పుడు తనే క్షమాపణ చెబుతానంది. తర్వాత చెప్పిందో లేదో నాకు తెలీదు.

ఆ తర్వాత నేను మధ్యాహ్నం గిన్నెతో కొలిచి అన్నం తింటున్నాను, కూరలో నూనె వేసుకుంటున్నాను. బొరుగుల డబ్బా అంగట్లోకి దింపేశాను. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గాను. ఆమె కూడా నెయ్యి తగ్గించి, కొంచెం అన్నం తింటోందని మా అత్త మోసుకొచ్చిన మాట. మాత్రలు సగం చేశారట. ఎంత తగ్గిందో ఎవరికీ తెలీదు. ఇంట్లోకి వేరే బరువు యంత్రం కొనుక్కుంది, అంగట్లో కాటా ఎక్కడం లేదు. పొద్దున్నే నడవడానికి ఆమె రైతుబజారు వైపు పోతే నేను పాత బస్టాండు వైపు పోతాను. ఎప్పుడైనా ఎదురుపడితే ఆమె రోడ్డు దాటుతుంది. వెనక నుంచి చూస్తే నడకలో తేలిక వచ్చిందని తెలుస్తుంది. అది చూసినప్పుడు ఇప్పటికీ నాకు ముందు కలిగేది సంతోషం కాదు. సంతోషం తర్వాత, నేను బలవంతంగా తెచ్చుకుంటే వస్తుంది.

పోయిన కార్తీకంలో ఇంటిల్లిపాదీ జీపులో అహోబిలం పోయాం. దిగువ గుడిలో వరుసలో ఆమె నా ముందే ఉంది. మగవాళ్లు టెంకాయలకు పోయారు. మా అత్త అరుగు మీద కూర్చుంది. వరుస కదలడం లేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. తప్పయింది మ్మే, మనసులో పెట్టుకోవద్దు అన్నాను. ఆ రెండు మాటలకు ఏడాది పట్టింది, గొంతు నాకే కొత్తగా వినిపించింది.

 ముందున్న వాళ్లు రెండడుగులు వేశారు, ఆమె వేసింది, నేనూ వేశాను. అప్పుడు తిరిగింది.

"దేవుని ముందర అడిగితే నేను కాదనలేనని ఈడిదాకా ఆగినావా? నాకు నువ్వు చేసింది గుళ్లో కాదు. ఇంట్లో అడుగు. వాళ్లందరూ ఉన్నప్పుడు అడుగు."

అని ముందుకు తిరిగి, పళ్లెంలో కర్పూరం ఉందో లేదో చూసుకుంది.

ఆమె అన్నది న్యాయమే. అది ఒప్పుకోవడానికి నాకు దారి పొడవునా కష్టమైంది. ఇంట్లో అడగాలంటే ఆమె వంటగది దాకా పోవాలి, నలుగురినీ నేనే పిలవాలి, నా నోటితో మొదటి నుంచి చెప్పాలి. పట్టుబడిన రోజు ఆమె చెప్పింది, నేను అవునని మాత్రమే అన్నాను. రెండూ ఒకటి కాదు. అహోబిలం నుంచి వచ్చి అయిదు నెలలైంది. నేనింకా అడగలేదు.